బలం సూదులు

వెంకటాపూర్, కోరుట్ల దగ్గర
జనవరి

బావా,

ఉత్తరం చూసి నవ్వకు. ఫోన్లున్న కాలంలో ఇదేం పిచ్చి అంటావు. మన ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోన్ అత్తమ్మ కొంగు వదలదు. శుక్రవారం నువ్వు ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాల్సిందే. పెట్టకుంటే "ఏం గుసగుసలే మీకు? నా కొడుకు మాట నేను సుత ఇనొద్దా?" అంటుంది. వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళందరి ముందు నీతో నేనేం మాట్లాడతాను? తిన్నావా, పడుకున్నావా, అంతే. అక్కడ నీ రూమ్‌లోనూ అందరి చెవులూ నీ ఫోన్ మీదే ఉంటాయాయె. అందుకే మల్లేశం అన్న సెలవు అయిపోయి తిరిగి వస్తుంటే పార్సిల్‌లో ఇది పెడుతున్నాను.

నీకిష్టమని పుట్నాల పొడి వెల్లుల్లి ఎక్కువ వేసి కొట్టాను. బలం సూదుల బుడ్డీలు ఈ రెండేళ్ళుగా పంపుతున్నట్టే పాత చీర పేలికలో చుట్టి ఆ పొడి మధ్యలో పెట్టాను. చూసి తీయి, గాజువి. నువ్వు రాసిచ్చిన పేరు చూపిస్తే మన ఆరెంపీ గంగాప్రసాద్ సారు టౌన్ నుంచి తెప్పించాడు. "ఇవి మామూలు బలం సూదులు కావు పిల్లా, పహిల్వాన్లు ఏసుకునేటివి. నీ మొగడు ఏనుగైతడు పో" అని ఒకటే నవ్వు. చిన్నప్పటి నుంచి నిన్ను పుల్ల లింబాద్రి అన్న ఊరు ఇది. ఇప్పుడు చూడమను.

నువ్వు పంపిన ఫోటో అందరూ చూశారు. బనీను లేకుండా ఆ నిలబడటమేంది బావా, సిగ్గు లేదా! అత్తమ్మ ఆ ఫోన్ చుట్టూ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. పొయ్యిలో వేస్తే మిరపకాయలు ఘాటు రాలేదట. "సూసిండ్రా, ఎంత దిష్టి తాకిందో నా కొడుక్కు" అని అందరినీ పిలిచి చెప్పింది.

ఫోన్‌లో చెప్పలేని మాట ఇంకొకటి. దసరాకు నువ్వు వచ్చి పోయాక కూడా నాకు ఏమీ నిలవలేదు. పెళ్ళై నాలుగో ఏడు నడుస్తోంది. జగిత్యాలలో సంతానం డాక్టరమ్మ దగ్గరికి పోదామనుకుంటున్నాను. ఇద్దరి పరీక్షలూ అడుగుతుందట. నువ్వు కూడా అక్కడ ఒకసారి చేయించుకో. సిగ్గుపడకు.

నీ సింధు


అల్ హైల్, మస్కట్
ఫిబ్రవరి

సింధూ,

పొడి డబ్బా రూమ్‌కు రాగానే సగం మల్లేశమే ఖాళీ చేశాడు. బుడ్డీ ఒక్కటి కూడా పగల్లేదు. నీ చేతి కట్టు అట్లాంటిది. దారిలో బ్యాగు తెరిపించారట, డబ్బా మూత తీయగానే వెల్లుల్లి ఘాటుకు ముక్కు మూసుకుని పొమ్మన్నారట. ఆ ముచ్చట చెప్పుకుని రూమంతా నవ్వుకున్నాం.

మా జిమ్ ఏసీ జిమ్ అనుకునేవు. కార్ల వర్క్‌షాపుల వెనక రేకుల షెడ్డు. డ్యూటీ దిగి, సైట్ బట్టలతోనే పోతాను. సూది ఉస్తాద్ వేస్తాడు. అంటే జిమ్ నడిపే ఆయన. ఆయన చేయి పడితే నొప్పే ఉండదు. "నువ్వు ఇటుకలు మోసేటోనివి కాదు లింబాద్రీ, గేటు కాడ నిలబడేటోనివి" అంటాడు. నిజంగానే ఒక కొత్త హోటల్‌కు సెక్యూరిటీ మనుషులు కావాలని మా కంపెనీని అడిగారు. మా మేనేజర్ ముదీర్ నా భుజం తట్టి చూశాడు. ఆ పని దొరికితే నల్ల ప్యాంటు, చలువ గాలి, నిలబడటమే డ్యూటీ. దొరక్కుంటే ఎండాకాలం ఇబ్రి సైట్‌కు తోలుతారు. పోయినేడు అక్కడ నా పక్కనే ఒకతను ఇటుకల తట్టతోనే కూలబడ్డాడు. నాకు మళ్ళీ అక్కడికి పోవాలని లేదు.

ఇంకో మందు పేరు ఈ కాగితం వెనక రాశాను. రెండూ కలిపి వేస్తే తొందరగా ఒళ్ళు పడుతుందట. ఈసారి ఎక్కువ పంపు. వీపు నిండా గుల్లలు లేచాయి, ఎండకే.

పరీక్ష సంగతి చూస్తాలే. ఫోటో చూశావు గదా, ఇంత మనిషికి లోపముంటుందా పిల్లా?

నీ బావ


వెంకటాపూర్
మార్చి

బావా,

పోచన్న మామ బర్కా తోట పనికి తిరిగి పోతున్నాడు. డబ్బా ఆయన చేతికిచ్చాను. శుక్రవారం అల్ హైల్ వచ్చినప్పుడు ఇస్తాడు. నువ్వు రాసిన రెండో పేరు చూసి గంగాప్రసాద్ సారు తల గోక్కున్నాడు. "ఇది గొడ్లకు సుత ఇస్తరు గదనే" అన్నాడు. నేను భయపడితే, "బలం బలమే, గొడ్డుకైతేంది మనిషికైతేంది" అని తెప్పించాడు. నాకైతే మనసొప్పలేదు. నువ్వు అడిగావని పంపుతున్నాను.

జగిత్యాల పోయి వచ్చాను. రక్తం, స్కానింగ్, ట్యూబుల పరీక్ష అన్నీ అయ్యాయి. ట్యూబుల పరీక్షప్పుడు నొప్పికి చీర చెంగు కొరికాను. డాక్టరమ్మ అన్నీ మంచిగానే ఉన్నాయంది. "ఇక నీకు చేసే పరీక్షల్లేవు. మీ ఆయన రిపోర్టు తే" అంది.

మొన్న ఎదురింట్లో తొట్టెల పండుగ. అందరూ తొట్టెల ఊపి పాట పాడుతున్నారు. నేను ముందుకు పోతే అత్తమ్మ నా చేయి పట్టి ఆపింది. "నువ్వొద్దు బిడ్డా, ఇంటికి పోయి బీడీలు కట్టలు కట్టుకో" అంది. చిన్నప్పుడు నన్ను సంకలో వేసుకుని జాతరంతా తిప్పిన మేనత్త బావా ఆమె. మా నాయన తోడబుట్టింది. ఆ చేయి అంత గట్టిగా పట్టుకుంటుందని నాకు తెలియదు.

పోయిన శుక్రవారం ఎందుకట్లా అరిచావు? తిన్నావా అని అడిగాను, అంతే గదా. "ఎప్పుడూ తిండి గోలేనా, నోర్ముయ్" అన్నావు. స్పీకర్‌లో వాకిలంతా విన్నది. చాంద్ బీ బీడీ ఆకు కత్తిరిస్తూ కత్తెర కింద పెట్టేసింది. నీకు కోపమే రాదని చిన్నప్పటి నుంచి అందరూ అంటే విన్నాను.

రిపోర్టు తొందరగా పంపు.

సింధు


అల్ హైల్
ఏప్రిల్

సింధూ,

టెస్టు చేయించాను. అంతా మంచిగుంది. రూమ్‌లో ఎవరన్నా చూస్తే నవ్వుతారని కాగితం చింపేశాను. డాక్టరమ్మకు నోటితో చెబితే సరిపోతుంది. నీలోనే చిన్న అడ్డమేదో ఉండి ఉంటుంది, మందులు వాడితే పోతుంది.

అరిచినందుకు ఏమనుకోకు. నిద్ర పట్టడం లేదు.

డబ్బా అందింది. వచ్చేసారి కూడా అన్నే పంపు.

బావ


వెంకటాపూర్
మే

బావా,

నీ రిపోర్టు మంచిగుందని నోటితో చెబితే డాక్టరమ్మ కళ్ళద్దాల మీది నుంచి చూసింది. "కాగితం చూడకుండా నేను నమ్మను. నువ్వు నమ్ముతున్నావా?" అంది. మా బావ నాకు అబద్ధం చెప్పడన్నాను. అయితే ఇక మిగిలింది పొట్టకు చిన్న కోతలు పెట్టి, కెమెరాతో లోపల చూడటమే అంది. జూన్ చివరన రమ్మంది. ఆపరేషన్ అంటే నాకు భయం. బర్రె ఈనుతుంటేనే చూడలేనిదాన్ని. అయినా ఒప్పుకున్నాను.

అత్తమ్మ మాత్రం ఊరంతా చాటింపేసింది. "నా కొడుకు పరీక్ష పాసైండు. లోపమంతా కోడలిలోనే ఉన్నది" అని. ఆ మర్నాడే మెట్‌పల్లి నుంచి మీ చిన్న మేనత్త వచ్చింది, బిడ్డ శ్రీలతను వెంటబెట్టుకుని. శ్రీలతతో నాకే చాయ్ ఇప్పించారు. "ఇద్దరూ అక్కాచెల్లెళ్ళ లెక్క కలిసుంటరు" అని వాళ్ళు నా ముందే అనుకున్నారు. నేను గోడకు కొట్టిన మేకులా నిలబడ్డాను.

బావా, నాకు నువ్వు ఒక్క పని చెయ్యి. ఈ శుక్రవారం ఫోన్‌లో "నాకు సింధు చాలు" అను. స్పీకర్‌లోనే అను. ఆ ఒక్కసారి ఆ స్పీకర్ ఉన్నందుకు నేను సంతోషపడతాను.

నీ సింధు


అల్ హైల్
జూన్

సింధూ,

మధ్యాహ్నం పని ఆపే నెలలొచ్చాయి. అయినా తెల్లారేసరికే నేల పెనంలా కాలుతోంది. ఇంకెన్నాళ్ళో లేదు. సెక్యూరిటీ పని ఖాయమైంది, వచ్చే నెల నుంచి. యూనిఫాం కొలతలు కూడా తీసుకున్నారు. టైలర్ నా ఛాతీకి టేపు చాలక రెండోసారి పెట్టి కొలిచాడు.

ఇక్కడ మనవాళ్ళ బాడీ పోటీలు జరిగాయి. నాకు రెండో బహుమతి. ఒంటికి నూనె రాసుకుని లైట్ల కింద నిలబడితే మన జిల్లా వాళ్ళందరూ ఈలలు వేశారు. ఒక్కడు కూడా పుల్ల అనలేదు.

ఆ మాట స్పీకర్‌లో అనలేకపోయాను. పది మంది ముందు ఎదురు చెబితే అమ్మ పరువేం గావాలి? శ్రీలత సంగతి అమ్మ అంటూనే ఉంటుంది, అంటే అయిపోతుందా? నువ్వు ధైర్యంగా ఆపరేషన్ చేయించుకో. చిన్నదే అంటున్నావు గదా.

డ్యూటీలో ముక్కు నుంచి రక్తం కారింది. చెవుల్లో హోరు. ఎండ దెబ్బే. మల్లేశం కూడా సూదులు మొదలుపెట్టాడు. వాళ్ళావిడ కవిత నీ దగ్గరికి వస్తుంది, గంగాప్రసాద్ సారుతో చెప్పి ఆమెకు కూడా ఇప్పించు.

బావ


వెంకటాపూర్
జూలై

లింబాద్రికి,

ఇది కొరియర్‌లో వస్తుంది. దీంతో పార్సిల్ లేదు.

ఆపరేషన్ అయింది. లోపల ఏ లోపమూ లేదంది డాక్టరమ్మ. ఇంటికి వచ్చాక లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మేవి. గంగాప్రసాద్ సారు వచ్చి చూసి "బలం తక్కువైంది పిల్లా" అన్నాడు. నీకు పంపాల్సిన బుడ్డీలు అటక మీదే ఉన్నాయి. ఇంత మంచి బలం సూదులు ఇంట్లో పెట్టుకుని నేనెందుకు నీరసపడాలి, ఒకటి నేనూ వేయించుకుంటే పోలా అనిపించింది. కుట్లు విప్పించుకోవడానికి పోయిన రోజు ఒక బుడ్డీ కొంగున కట్టుకుపోయాను. నర్సమ్మకు ఇచ్చి వేయమన్నాను. ఆమె దాని మీది పేరు చదివి, వేయకుండా డాక్టరమ్మ దగ్గరికి పట్టుకుపోయింది.

డాక్టరమ్మ తలుపు మూసి అడిగింది.

"ఎవరు వేసుకుంటున్నారమ్మా ఇది?"

"మా ఆయన. మస్కట్‌ల ఉంటడు. ఒంటికి బలమని."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేండ్లైతాంది."

ఆమె బుడ్డీ మీది పేరు మళ్ళీ చదివింది. తర్వాత అడిగింది: వీపు మీద గుల్లలు లేచాయా? కోపం ఎక్కువైందా? నిద్ర పట్టడం లేదా? ముక్కు నుంచి రక్తం వచ్చిందా? అన్నిటికీ అవునన్నాను. ఆమె నిన్ను చూడలేదు. అన్నీ నీ ఉత్తరాల్లో ఉన్నవే.

"ఇది బలం సూది కాదు. మగవాళ్ళ హార్మోను. బయటి నుంచి పోస్తూ ఉంటే ఒళ్ళు సొంతంగా తయారుచేసుకోవడం మానేస్తుంది. కండలు వస్తాయి, బిడ్డను పుట్టించే శక్తి పోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పెరుగుతుంది, గుండె గోడలు మందమవుతాయి. ఈ వయసు పిల్లలు జిమ్‌లో కూలిపోయారని వింటున్నాం గదా, వాళ్ళలో కొందరి సంగతి ఇదే. మీ ఆయన రిపోర్టు మంచిగా వచ్చిందంటే నేను నమ్మలేను" అంది.

నేను బస్సులో ఏడవలేదు. ఇంటికి వచ్చి అటక మీది డబ్బా దించాను. అప్పటికే పొడి కొట్టి పెట్టాను. వెల్లుల్లి ఎక్కువ వేసి. రెండేళ్ళుగా నా కడుపు పండకుండా నేనే గుడ్డలో చుట్టి, పగలకుండా కట్టి పంపాను. అప్పుడు ఏడ్చాను.

ఒక్కటే అడుగుతున్నాను. నా పొట్ట మీద కోతలున్నాయి. అవి పడకముందే నీకు తెలుసా?

శుక్రవారం ఫోన్ చెయ్యి. మీ అమ్మకు నీ నోటితో నువ్వే చెప్పు. స్పీకర్ నేనే పెడతాను.

సింధూజ


అల్ హైల్
ఆగస్టు

నా సింధూ,

తెలుసు. మార్చి చివరలో టెస్టు చేయించాను. సున్నా అని వచ్చింది. ఇక్కడి డాక్టరు హిందీలో మెల్లగా చెప్పాడు, నీకు మీ డాక్టరమ్మ చెప్పినవే. ఆపితే ఏడాదికో రెండేళ్ళకో తిరిగి రావచ్చు, కొందరికి రాకపోవచ్చు అన్నాడు. గుండెకు స్కానింగ్ రాసిచ్చాడు. నేను పోలేదు. అందులో ఇంకేం చూపిస్తారోనని భయం.

ఆపి చూశాను సింధూ. నీ మీద ఒట్టు. కొన్ని వారాలకే ఒళ్ళు జారిపోయింది. మంచం దిగబుద్ధి కాలేదు. స్నానాల గదిలో నల్లా తిప్పుకుని ఏడ్చేవాణ్ణి. రూమ్‌లో మనూరి పిలగాడొకడు "ఏందిరా పుల్లా, గాలి పోయిందా?" అన్నాడు. ఆ రోజే ఉస్తాద్ దగ్గరికి మళ్ళీ పోయాను.

ఆపరేషన్ అని నువ్వు రాసినప్పుడు చెబుదామని కాగితం ముందర పెట్టుకున్నాను. చిన్న ఆపరేషనే కదా అనుకున్నాను. దాంతో నీకు కూడా ఏదో ఒక లోపం బయటపడితే ఇద్దరం సమానం అవుతాం అని కూడా అనుకున్నాను. నాకే అసహ్యంగా ఉంది, కానీ అనుకున్నాను.

శుక్రవారం ఫోన్ చేశాను, నువ్వు విన్నావు. స్పీకర్ పెట్టగానే వాకిట్లో ఆడవాళ్ళ మాటలు, కత్తెరల చప్పుడు వినిపించాయి. నాట్లు పడ్డాయా అని అడిగి పెట్టేశాను.

నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ సంగతి నీలోనే పెట్టుకో. డాక్టరమ్మ రెండేళ్ళు ఆగమందని అమ్మకు చెప్పు. మగవాడి సంగతి ఊళ్ళో తెలిస్తే నేను మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేను. ఇప్పుడు ఒళ్ళు తగ్గితే యూనిఫాం విప్పించి ఇబ్రికి పంపుతారు. ఇంకొక్క పోటీ ఉంది. అది అయ్యాక ఆపేస్తాను.

ఒక్కసారిగా ఆపితే మనిషి కూలిపోతాడట. మెల్లమెల్లగా తగ్గించాలని ఉస్తాద్ అంటున్నాడు. అందుకోసమైనా ఒక్క డబ్బా పంపు.

నీ బావ


కోరుట్ల
సెప్టెంబర్

లింబాద్రి గారికి,

చిరునామా మారింది, చూసి ఉంటారు. చాంద్ బీ వాళ్ళ అక్క ఇల్లు ఇది. వెనక గది నాకిచ్చారు. బీడీ ఆకు ఇక్కడా అదే, కత్తెర ఇక్కడా అదే.

మీ ఉత్తరం అందిన రోజు వాకిట్లో అందరూ ఉన్నారు. మీ అమ్మ శ్రీలతకు పెట్టే చీరల గురించి మాట్లాడుతోంది. ఇక మీ వల్ల కాదని నాకు తెలిసిపోయింది, నేనే చెప్పాను. సూదులు ఏమిటో, మీ పరీక్షలో ఏం వచ్చిందో, అది ఎప్పుడు వచ్చిందో. చెప్పి, చీర పక్కకు జరిపి కోతలు చూపించాను. ఎవరూ కత్తెర ఆడించలేదు. మీ అమ్మ చాలాసేపు నేల చూసింది. ఏడుస్తుందనుకున్నాను. మేనత్త కదా, దగ్గరికి తీసుకుంటుందని కూడా అనుకున్నాను. నా పిచ్చి.

తలెత్తి ఆమె అన్న మాట ఇది: "వానికి సూదులు కట్టి పంపింది నువ్వే గదనే! నా కొడుకును ఖరాబు జేసింది నువ్వే!"

వాకిట్లో కొందరు తలలూపారు కూడా. అవునవును, డబ్బా ఈ పిల్లే కట్టేది, మేం చూశాం అన్నారు. చాంద్ బీ ఒక్కతే లేచింది. "ఇన్నొద్దులు కొడుకు ఫోటోకు దిష్టి తీసినవ్, ఇప్పుడు పాపం ఈ పిల్ల మీద ఏస్తున్నవా? పైన పటారం లోన లొటారం అయితే కోడలేం జేస్తది రాములవ్వా?" అని నా చేయి పట్టుకుని బయటికి తీసుకువచ్చింది. గంగాప్రసాద్ సారును అడిగితే "నాకేం ఎరుక, మీరే పేరు రాసి తెచ్చిండ్రు" అని తలుపు వేసుకున్నాడు. శ్రీలత వాళ్ళు ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు.

మీ అమ్మ అన్నదాంట్లో సగం నిజం. కట్టింది నేనే. అది నేను మోస్తాను. తెలిసి కూడా నన్ను కత్తి కిందికి పంపిన సగం మీది. అది ఇంకెవరి మీదా వేయకండి. ఇద్దరం సమానం కావాలని కోరుకున్నారు గదా, అది మాత్రం ఈ జన్మలో కాదు.

మల్లేశం అన్న భార్య కవితకు అంతా చెప్పాను. ఆమె తన బుడ్డీలు పెంటకుప్ప మీద పారేసి, అక్కడే నిలబడి ఆయనకు ఫోన్ చేసింది. ఆయన మొదట తిట్టాడు, తర్వాత విన్నాడు. ఒక్క ఇల్లన్నా మిగిలింది.

డాక్టరమ్మ మీకు చెప్పమన్న మాట కూడా రాస్తున్నాను. మందు ఉస్తాద్ చెప్పినట్టు కాదు, హార్మోన్ల డాక్టరు చెప్పినట్టు ఆపాలట. దానికి చికిత్స ఉందట. గుండె స్కానింగ్ మాత్రం వెంటనే చేయించుకోవాలట. చెప్పడం వరకే నా పని. మీ మీద కోపం పోలేదు, మీరు చచ్చిపోవాలని మాత్రం లేదు.

డబ్బా అడిగారు. ఇక మీదట పార్సిల్ మీ అమ్మే కట్టి పంపుతుంది. పుట్నాలు ఎంత వేయించాలో, వెల్లుల్లి ఎన్ని పాయలు వేయాలో చెప్పి వచ్చాను. పొడి మధ్యలో ఏం పెట్టాలో మాత్రం చెప్పలేదు. అది మీరే శుక్రవారం ఫోన్ చేసి అడగండి. స్పీకర్ పెట్టే ఉంటుంది.

సింధూజ